పైమడివాడు, క్రిందిమడివాడు

సన్నని పంటకాలువ కొకదానికి అడ్డముగా వేసిన మొద్దు, ఆ మొద్దు పైయంచున చెక్కిన రెండు మూడు గాట్లు, ఒక్కొక్క గాటినుండి ఒక్కొక్క బోదెలోనికి ఒకే లోతున జాఱిపోవుచున్న నీరు: బాలిద్వీపమందలి జాతిలువిహ్ గ్రామమును గుఱించి ఎవరైన నన్నడిగినచో, కొండవాలున మెట్లుమెట్లుగా దిగివచ్చు పచ్చని మళ్ళ ఛాయాచిత్రములను చూపుటకు ముందు నేను ఈ మొద్దును గుఱించియే చెప్పుదును. దానిని వారు తెముకు అందురు. గాటు వెడల్పు ఎంతయో నీటివాటా అంత. వాటాను కొలుచు మానమునకు తెక్‌తెక్ అని పేరు. దానికి తాళము లేదు, త్రిప్పుటకు చక్రము లేదు, దానిపై అధికారము చెలాయించుటకు ఉద్యోగి లేడు. గట్టువెంట పోవు పసివాడు సైతము వంగి చూచి ఎవరి గాటు ఎంతయో చెప్పగలడు. రాత్రివేళ తన గాటును రెండు వ్రేళ్ళు లోతుచేసికొన్నవాడు తెల్లవాఱునప్పటికి ఊరందఱి కంటను దొంగయై నిలువవలసినదే.

ఇండోనేసియా అనగానే మనకు సముద్రము తలపునకు వచ్చును. పదునేడువేలకు పైబడిన దీవుల సముదాయము కదా! అందునను బాలి యనగానే ఇసుకతిన్నెలు, అలలపై జాఱు పడుచువాండ్రు, హోటళ్ళ వరుసలు కనులయెదుట నిలుచును. కాని బాలివారు స్వభావముచేత సముద్రమునకు వీపు త్రిప్పి బ్రతికినవారు. మనకు తూర్పు పడమరలవలె వారికి కజ, కెలోద్ అని రెండు దిక్కులు: కజ యనగా కొండవైపు, కెలోద్ అనగా సాగరమువైపు. గుడి కట్టినను, ఇంటిలో దేవతల గద్దెలు నిలిపినను, నిద్రించునపుడు తల పెట్టినను, కొండవైపే శ్రేష్ఠము. ఈ కొలతను బట్టి చూచినచో జాతిలువిహ్ చాల శ్రేష్ఠమైన చోటున నున్నది. 2,276 మీటర్ల బటుకారు పర్వతపు దక్షిణపు వాలున, ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున, తబనాన్ జిల్లాలో ఉన్న ఆ ఊరికి కడలి హోరు వినబడదు. అక్కడ చెవిని బడునది రేయింబవళ్ళు మడినుండి మడికి దుముకు నీటి సవ్వడియే.

ఊరు చిన్నది, దాని మాగాణి రమారమి 300 హెక్టార్లు. అయితే ఊరు వేఱు, మాగాణి వేఱు అను భేదమును మొదట గ్రహింపనిచో అక్కడి సంగతి ఏదియు బోధపడదు. మనకు రాజ్యమంతటి అర్థమిచ్చు దేశ శబ్దము వారికి గ్రామవాచకము. ఊరిలో నివసించువాడు దేశకు చెందును, ఇరుగుపొరుగుతో కలసి బంజార్ అను వాడకట్టునకు చెందును. పొలమున్నవాడు మాత్రము తన మడికి నీరు వచ్చు ఆనకట్టను బట్టి సుబక్ అను సంఘమునకు చెందును. ఇల్లు ఒక యూర, పొలము మఱియొక నీటిక్రింద ఉన్నవాడు రెండుచోట్ల రెండు విధముల పౌరుడు. సుబక్ పెద్దను పెకాసె అందురు, రైతులే ఎన్నుకొందురు. వ్రాసిపెట్టుకొన్న కట్టుబాట్లు కలవు, వానిని అవిగ్-అవిగ్ అందురు. పూడిక తీయుటకు రానివానికి జరిమానా, వంతు కానినాడు నీరు త్రిప్పుకొన్నవానికి అంతకంటె పెద్ద జరిమానా. సభలో కులభేదము పాటింపక అందఱును ఒకే చాపపై కూర్చుందురని చదివినప్పుడు, వర్ణములు పాటించు సమాజమున నీటియెదుట మాత్రము అవి ఎట్లు తప్పుకొన్నవో కదా యని నాకు ఆశ్చర్యము కలిగినది. బాలిలో ఇట్టి సుబక్‌లు సుమారు 1,200. ఒక్కొక్క నీటిమూలముక్రింద ఏబదిమంది మొదలు నన్నూఱుమంది వఱకు రైతులుందురు. ఈ ఏర్పాటు నిన్న మొన్నటిదియు కాదు. తొమ్మిదవ శతాబ్దినాటి శాసనములయందే కొండను తొలిచి నీటిసొరంగములు త్రవ్వు పనివాండ్ర ప్రస్తావన యున్నది. 1071 నాటి శాసనమున సుబక్ అను మాటకు మూలరూపమే కనబడుచున్నది.

పంట సంగతి కొంత చెప్పవలెను. ద్వీపమంతటను పొట్టిరకముల వరి వ్యాపించిన తరువాత కూడ జాతిలువిహ్ రైతు ఏడాదిలో ఒక పంట మాత్రము తాతలనాటి ఎఱ్ఱబియ్యపు విత్తనమునకే కేటాయించుచున్నాడు. నారు పోసినది మొదలు కోతవఱకు దానికి ఇంచుమించు ఆఱునెలలు పట్టును. పైరు మనిషి నడుమును దాటి ఎదుగును. గాలికి ఒరిగినపుడు కొండయంతయు ఒక్కసారి ఊపిరి విడిచినట్లుండును. దీనిని కొడవలితో కోయుట పూర్వాచారము కాదు. అరచేతిలో ఇమిడిపోవు చిన్న కత్తి, అని-అని యని దాని పేరు. దానిని వ్రేళ్ళమాటున దాచి, స్త్రీలు ఒక్కొక్క వెన్నునే త్రుంచుదురు. పైరు శ్రీదేవి, ఆమెకు కత్తి కనబడినచో బెదరును. త్రుంచిన వెన్నులను కట్టలుగా కట్టి, ఎండబెట్టి, స్తంభములపై నిలిపిన లుంబుంగ్ అను గాదెలో నుంచుదురు. కోతలనాడు వెన్నులతోనే దేవికి ఒక బొమ్మ కట్టుదురు. గోదావరి ప్రాంతపు ఇండ్ల చూరులకు పిచ్చుకలకొఱకు వ్రేలగట్టు వరికుచ్చులను చూచినవానికి ఆ బొమ్మ చేతిపని అంత క్రొత్తగా తోచదు. ఈ నాటువరి ఎకరమునకు ఇచ్చు దిగుబడి తక్కువయే. ఎఱ్ఱబియ్యమునకు ధర ఎక్కువ పలుకుటయు, ఆ బియ్యమును వేయించి తేనీరువలె కాచి పర్యాటకులకు అమ్ముటయు ఇప్పుడు ఆ లోటును కొంత పూడ్చుచున్నవి.

శ్రీదేవి అను పేరు వినగానే మనవారికి ఒక ఉబలాటము పుట్టుటను నేనెఱుగుదును. బాలివారు తమ మతమునకు తీర్థమతమని పేరు పెట్టుకొన్నారు. వారి గుడి పేరు పుర, రాజనగరు పేరు పురి. వారు లెక్కించునది శకవర్షము. వారి నూతన సంవత్సరదినమైన ఞెపి మన ఉగాదికి కొన్ని యేండ్లు ఒకటి రెండు దినముల యెడముననే వచ్చును. 2023లో రెండును మార్చి 22వ తేదీనే వచ్చినవి. అయితే మనము పచ్చడి పంచుకొని పంచాంగము వినుచున్న ఆ దినమున, వారు దీపము వెలిగింపక, పొయ్యి రాజేయక, వీధిలోనికి అడుగిడక, విమానాశ్రయమును సైతము మూసి మౌనము పాటించుదురు. మాటలు మనవియైనంతమాత్రమున మనుష్యులు మనవారగుదురని సంబరపడు మన అలవాటు, ఎదుటివాడు స్వయముగా ఏమి కనిపెట్టెనో చూడనీయదు. సంస్కృతపదములు ఓడలలో వెళ్ళినవి; తెముకు మాత్రము ఓడలో వెళ్ళలేదు. అది ఆ కొండదే.

ఇక అసలు సంగతి. పల్లమునకు పాఱు నీటికి పైమడివాడు యజమాని. వాడు గండి మూసినచో క్రిందిమడివాడు ఎండును. లోకమందంతటను నీటిరాజకీయము ఇదియే. నేను కాలువ శివారున పుట్టినవాడను గనుక దీనిని పుస్తకములలో చదువనక్కఱలేదు. మా పెదనాన్నగారు వంతునీటిరాత్రి లాంతరు ప్రక్కన బెట్టుకొని బోదెగట్టుపై కూర్చుండెడివారు. మూడవజామున నీరు సన్నగిల్లినచో, పైన ఎవరో తూము బిగించిరని అర్థము. వారు కఱ్ఱ తీసికొని పైకి పోవుటయు, అచ్చట మాటలు పెరుగుటయు, తెల్లవాఱి పంచాయతీ జరుగుటయు నాకు చిన్ననాటి కథలవలె గాక, చిన్ననాటి భయములవలె జ్ఞాపకమున్నవి. అట్టి నాకు, కొండపైనున్న జాతిలువిహ్ రైతు తన క్రిందివానికి నీరు వదలుచున్నాడని వినినపుడు మొదట కలిగినది భక్తి కాదు, అనుమానము. వీడేల వదలవలెను? దేవునికి వెఱచియా? ధర్మబుద్ధిచేతనా? ధర్మబుద్ధి ఒక తరము నిలుచును, రెండు తరములు నిలుచును. వేయేండ్లు నిలుచుటకు దానికి ఏదో ఒక ఊతకోల కావలెను.

ఆ ఊతకోల పురుగు. వరిపైరు ఒక మడిలో చిరుపొట్టదశలోను, ప్రక్కమడిలో పాలుపోసికొను దశలోను, ఆవలిమడిలో కోతదశలోను ఉన్నచో, దోమకును ఎలుకకును ఏడాది పొడవునను విందే. ఒక చేను కోయగానే వేఱొక చేనికి తరలిపోవును. ఒక లోయలోని మళ్ళన్నియు ఒక్కసారి నాటి, ఒక్కసారి కోసి, ఒక్కసారి నీరు నింపి బీడుగా విడిచినచో, దానికి తిండియు లేదు, తావును లేదు. కాని అందఱును ఒక్కసారి నాటవలెనన్నచో క్రిందివానికి కూడ సకాలమున నీరు అందవలెను కదా! అందనిచో వాడు ఆలస్యముగా నాటును. వాని ఆలస్యపు పైరులో పెరిగిన దోమ, తిరిగి పైవాని చేనిపై బడును. నీటికి క్రిందివాడు పైవానియెదుట చేయి చాపవలెను. పురుగుబాధ తప్పుటకు పైవాడు క్రిందివాని దయకొఱకు ఎదురుచూడవలెను. నీరు పల్లమునకు మాత్రమే పాఱును; పురుగు మెఱకకు కూడ ఎగురును. స్టీఫెన్ లాన్సింగ్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞుడు, మఱియొక లోయయందు, రైతులను నీటికొఱత హెచ్చు బాధయా, పురుగుబాధ హెచ్చు బాధయా అని అడిగించగా, కాలువ తుదనున్నవారు ఎక్కువగా నీటికొఱత యనియు, మొదటనున్నవారు ఎక్కువగా పురుగుబాధ యనియు చెప్పిరట. ఈ రెండు భయముల మధ్య కుదిరిన ఒడంబడిక పేరే అక్కడి నీటిధర్మము.

గుడికి ఇందు పనిలేదని నా భావము కాదు. ఎవరు ఎన్నడు నారు పోయవలెనో, ఏ లోయ ఎంతకాలము బీడుండవలెనో నిర్ణయించుట ఒక రైతువలన అగు పని కాదు, ఒక సుబక్‌వలన కూడ కాదు. మడికి నీరు చొచ్చు మూలయందు ఒక చిన్నగద్దె, సుబక్ మళ్ళకు ఎగువన ఒక గుడి, అనేక సుబక్‌లు కలసి కొలుచు గుడి మఱియొకటి, ఆపైన బటుకారు అడవియందలి పుర లుహూర్ బటుకారు, అటుపైన ద్వీపమునకంతటికి నీటితల్లియైన సరోవరదేవత గుళ్ళు. కాలువ ఎక్కడెక్కడ చీలునో గుడియు అక్కడక్కడ వెలసినది. గుడిలో ఉత్సవమునకు కూడినవారే ఊడుపుల తేదీని నిర్ణయించుకొని లేచిపోవుదురు. 210 దినముల పంచాంగము వీనికన్నిటికి తాళము. ఆవలి లోయలయందు 172 సుబక్‌ల లెక్కను లాన్సింగ్, జేమ్స్ క్రెమర్ అను జీవావరణ శాస్త్రజ్ఞునితో కలసి కంప్యూటరున కెక్కించి చూచెను. ఎవరికివారే నాటుకొన్నచో పురుగు ప్రబలును; లోయయంతయు ఒక్కనాడే నాటినచో నీరు చాలదు; మధ్యేమార్గముగా కొన్నికొన్ని సుబక్‌లు జట్టుకట్టినచో దిగుబడి హెచ్చును. విచిత్రమేమనగా, లెక్క తేల్చిన జట్లు వాస్తవమున ఉన్న గుళ్ళ జట్లను చాలవఱకు పోలియున్నవి.

ఈ లెక్క వేయబడుటకు పూర్వము ఇంకొక లెక్క నడచినది. 1970వ దశకమున జకార్తా ప్రభుత్వము బియ్యపు దిగుమతుల భారమును దించుకొన నెంచి, బీమాస్ అను పథకముక్రింద పొట్టివిత్తనము, ఎరువు, పురుగుమందు, వానికి కావలసిన అప్పు అన్నియు మూటగట్టి రైతు చేతికిచ్చి, గుడి పంచాంగముతో పనిలేకుండ ఎన్నిసార్లు వీలైన అన్నిసార్లు నాటుమని చెప్పినది. చెప్పినవారు దుర్మార్గులు కారు, ఆకలిని చూచినవారు. మొదట గాదెలు నిండినవి. తరువాత సుడిదోమ వచ్చినది. దానికి తట్టుకొను విత్తనము తెచ్చిరి. అంతలో టుంగ్రో తెగులు వచ్చినది. మందు చల్లినకొలది దోమను తిను సాలీళ్ళు చచ్చి దోమయే బలిసినది. అగ్నిపర్వతపు రాతినేలపై పాఱివచ్చు నీటిలో భాస్వరము, పొటాషు సహజముగనే యుండగా, ఎరువు మూట మాత్రము తప్పక కొనవలసివచ్చినది. 1979లో ఆసియా అభివృద్ధి బ్యాంకు ఋణముతో మొదలైన నీటిపారుదల పథకమున కొన్ని కాలువలపై తెముకులను పెఱికి ఇనుప తలుపులు బిగించిరి. తలుపు ఎంత తెఱచియున్నదో తెలియుటకు ఇంజనీరు కావలెను. గాటు ఎంతయున్నదో తెలియుటకు కన్ను చాలును. కొన్నిచోట్ల రైతులే ఆ తలుపులను ఊడదీసి మరల మొద్దులను వేసికొనిరి. ఎనుబదుల తుదికి బ్యాంకువారే పూర్వపద్ధతి గుణమును గుర్తింపకపోవుటవలన నష్టము కలిగినదని తమ సమీక్షలో ఒప్పుకొనిరి. పెద్దసంస్థలు తప్పు ఒప్పుకొనుట అపురూపము గనుక దీనిని నేను ప్రత్యేకముగ గుర్తుంచుకొంటిని.

1984లో బియ్యమున స్వయంపోషకమైతిమని చాటుకొన్న ఆ దేశము, రెండేండ్లకే దోమపోటుచేత తల్లడిల్లి, 1986 నవంబరులో వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. ఆపైన 1989 మొదలు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులను గట్టుపై కూర్చుండబెట్టి, ఏ పురుగు మిత్రమో ఏది శత్రువో వారిచేతనే లెక్కపెట్టించు బళ్ళు నడపిరి. తెలుగుదేశమున పొలంబడి యని మనము పిలుచుకొను పద్ధతికి పుట్టిల్లు ఇదియే. మన డెల్టాలో సాలీడును చూపి “దీనిని చంపకు”డని చెప్పిన వ్యవసాయాధికారి వెనుక, ఆ ద్వీపములలో మందు కొట్టి కొట్టి దెబ్బతిన్న రైతుల అనుభవమున్నదని ఎందఱికి తెలియును!

పోలిక అచ్చటితో ఆగదు. రాయలసీమ చెఱువులక్రింద నీరుగంటి, తెలంగాణమున నీరటి, ఊరుమ్మడి గింజలపై బ్రతికి మడిమడికి నీరు పెట్టినవారు. తూము ఎత్తుటకు దించుటకు వారిమాటయే శాసనము. తన మడియొక్కటియు లేనివాడు కావుననే వాని పంపకమును అందఱును ఒప్పుకొనిరని పెద్దలు చెప్పుదురు. చెఱువులు సర్కారువైన తరువాత వారు చెదరిపోయిరి. 1997లో ఆంధ్రప్రదేశమున రైతుల యాజమాన్య చట్టము తెచ్చి నీటి వినియోగదారుల సంఘములను నెలకొల్పిరి; ఎన్నికలు జరిగినవి, అధ్యక్షులు ఏర్పడిరి, పూడిక తీసిన బిల్లులును ఏర్పడినవి. నేను దీనిని ఎగతాళికి చెప్పుటలేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టతో పుట్టి పదిలక్షల ఎకరములకు ప్రాకిన గోదావరి కాలువలు, బటుకారు వాగులు రెండును ఒకటి కావు. ముప్పది మైళ్ళ ఆవలనున్న పైవానికి నా చేని దోమ తగులదు. తగులనంతకాలము నేను వానికి పరాయివాడనే.

2012లో యునెస్కో జాతిలువిహ్‌ను, మఱికొన్ని సుబక్ క్షేత్రములను చేర్చి, మొత్తము 19,500 హెక్టార్ల ప్రదేశమును ప్రపంచవారసత్వముగ ప్రకటించినది. ఆ ప్రకటన శీర్షికలోనే త్రిహితకరణమను తత్త్వము పేరున్నది: దేవునితో, తోటివారితో, భూమితో పొందిక. ముచ్చటైన మాటయే, కాని ఆ సమాసము ఆ రూపమున వాడుకలోనికి వచ్చినది 1960వ దశకమున. మొద్దుకు గాట్లు పెట్టినవాడు ఆ పేరు విని యుండడు. మొదట వచ్చినవారు వాని పంచాంగమును మూఢనమ్మకమనిరి. తరువాత వచ్చినవారు దానినే తత్త్వమని అద్దములో బిగించిరి. చలికాలువలో మోకాలిలోతున నిలిచి పూడిక తీయు మనిషి, రెండుసార్లును, చూచువారి కన్నుగప్పి తప్పించుకొన్నాడు. ఇప్పుడు ఊరి మొగదల టికెట్టు గది యున్నది. గట్లపై బాటలు, మళ్ళకెదురుగా ఫలహారశాలలు. వచ్చిన సొమ్ములో వాటా ఊరికి, సుబక్‌కు ఎంత యనునది అక్కడ తెగని చర్చ. పొలమును మడిగా ఉంచినవాడు దృశ్యమును కాపాడుచున్నాడు, దృశ్యమును చూపి కాఫీ అమ్మువాడు సొమ్ము చేసికొనుచున్నాడు. ఈ పైవానికి క్రిందివానికి నడుమ తెముకు ఇంకను ఎవరును వేయలేదు. రైతుబిడ్డలు హోటళ్ళకు, నౌకలకు ఉద్యోగములకై పోవుచున్నారు. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. శివారు పొలమును వదలి కలము పట్టినవాడను నేనే.

కోతలైన తరువాత మళ్ళకు నీరు నింపి విడిచినపుడు బాతులవాడు వచ్చును. తెల్లవాఱుజామున గుంపును తోలుకొనివచ్చి, కొనకు గుడ్డపేలిక కట్టిన పొడవాటి గడను మడి నడుమ పాతి ఇంటికి పోవును. బాతులు ఆ గడచుట్టే తిరుగుచు, రాలిన గింజను, నీటిలోని పురుగును ఏఱుకొని తినును. సాయంకాలము అతడు వచ్చి గడ పెఱుకగానే దాని వెంట వరుసగట్టి నడచును. నెల్లూరి మాగాణులలో మన బాతులవాండ్రు చేయునదియు ఇంచుమించు ఇదే. జాతిలువిహ్ వెళ్ళివచ్చిన మిత్రులొకరు తీసిన ఛాయాచిత్రము నాయొద్ద ఉన్నది. అందు గడయు, బాతులును, నీటిలో తలక్రిందులైన కొండయు చక్కగా పడినవి. బాతులవాడు మాత్రము లేడు; అప్పటికి ఇంకను ప్రొద్దు క్రుంకలేదట.

— శివారు రైతు